కందకంలో పూడిన ఎర్ర టోపీ

ప్రాణభయం పుట్టినప్పుడు మనిషి ఏం చేతబట్టుకుని పరుగెత్తుతాడో ఆ రోజుల్లో సికింద్రాబాదులో ఉన్నవాళ్ళను అడగాలి. విపత్తుల గురించి పెద్దపెద్ద గ్రంథాలు రాసేవారు ఈ సంగతి ఎందుకు వదిలేస్తారో నాకు తెలియదు. నలభై ఎనిమిదిలో భారత సైన్యం నిజాం మీదికి వచ్చిన పోలీసు చర్యకు ముందు, బాంబులు పడతాయన్న పుకారు మా వీధిలో లేచిన మధ్యాహ్నం, ఎదురింటి టీచరమ్మగారు (కోస్తా నుంచి వచ్చి మిషన్ బడిలో పాఠాలు చెప్పే క్రైస్తవురాలు) నగల పెట్టె వదిలేసి హార్మోనియం మోసుకొచ్చారు. మా అమ్మ ఉడుకుతున్న పప్పుగిన్నెను గరిటెతో సహా తెచ్చింది. పంతొమ్మిదేళ్ళ వయసూ, ఇంటర్మీడియట్ ఒకసారి తప్పిన అనుభవమూ ఉన్న నేను అద్దం, దువ్వెన తెచ్చుకున్నాను. అందరం మా పెరట్లో తవ్విన కందకంలోకి దూకాం. మా బాపు మాత్రం ఏమీ తెచ్చుకోలేదు, ఎందుకంటే ఆయన రాలేదు. షేర్వానీ మెడ దాకా గుండీలు పెట్టుకుని, ఎర్రని రూమీ టోపీ సర్దుకుని, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "బొందల దాక్కునే ఖాన్‌దాన్ కాదురా మనది" అన్నారు, కందకంలోని వీధంతా వినేటట్టు. బాంబు పడలేదు. పప్పు మాత్రం అడుగంటింది.

ఖాన్‌దాన్ గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. మా తాతగారు బొల్లారం గుర్రపు దళాలకు గడ్డి, ఉలవలు సరఫరా చేసిన కంట్రాక్టరు. (గడ్డి అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఆ గడ్డి తినే గుర్రాలకు తెల్లదొరలు సెల్యూట్ చేసేవారు.) ఆ తరువాత సైన్యానికి మోటార్లు వచ్చాయి. మోటార్లు ఉలవలు తినవు. నేను పుట్టేనాటికి మాకు మిగిలింది సగం పెంకులు జారిన ఇల్లు, పెద్ద పెరడు, బాపు షేర్వానీ, ఆయన టోపీ. టోపీ అంటే అలాంటి ఇలాంటి టోపీ కాదు. నల్లకుచ్చు ఎప్పుడూ చెవి వెనక్కే వేలాడాలి. పదిహేను రోజులకొకసారి బజారులో టోపీల దుకాణానికి తీసుకెళితే అక్కడ వేడి ఇత్తడి అచ్చుకు తొడిగి నలగని గిన్నెలా చేసి ఇచ్చేవారు. ఆ పని నాదే. ఇక ఇంటి కట్టుబాటు ఒకటి ఉండేది. మా ఇంటి మగవాడు ఉత్త తలతో గడప దాటకూడదు, ఒక్క చావుకు తప్ప. పాడె వెంట నడిచేటప్పుడు మాత్రమే టోపీ తీసేవారు. నాకు టోపీ కొనే స్తోమత లేక, గడప దాటేటప్పుడు నెత్తిమీద రుమాలు వేసుకుని, వీధి మలుపులో తీసి జేబులో పెట్టుకునేవాణ్ణి.

బాపు రోజూ సాయంత్రం ఆ టోపీ పెట్టుకుని పక్కవీధికి వెళ్ళేవారు. అక్కడ ఆయన చదరంగం నేస్తం ఉండేవాడు. తపాలా కచేరీలో పనిచేసి రిటైరైన ముస్లిం పెద్దమనిషి. మేము పోస్టు చాచా అనేవాళ్ళం. ముప్పై ఏళ్ళుగా ఆ ఇద్దరూ ఒకరి రాజును ఒకరు చంపుకుంటూ బ్రతికారు.

నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పిన మర్నాడు పొద్దున నేను బజారుకు వెళ్ళి చూసింది ఏ చరిత్ర పుస్తకంలోనూ చదవలేదు. మురుగు కాలువల నిండా నిజాం కొలువుకు గుర్తైన ఎర్ర టోపీలు. రాత్రికి రాత్రి ఊరంతా తల మార్చుకుంది. నిన్నటిదాకా కుచ్చు ఊపుకుంటూ తిరిగిన గుమాస్తాలు, వకీళ్ళు కాంగ్రెసు తెల్ల టోపీల్లో కనిపించారు. అన్ని తెల్లటోపీలు అప్పటికప్పుడు ఎక్కడినుంచి వచ్చాయో ఈనాటికీ నాకు అంతు తెలియలేదు. గడియారం స్తంభం దాటాక ఒక ముసలాయనను నలుగురు చుట్టుముట్టారు. ఆయన హిందువో ముస్లిమో అడిగే ఓపిక వాళ్ళకు లేదు. టోపీ ఎర్రగా ఉంటే చాలు. దాన్ని కాలితో తన్ని, ఆయన్ను చెంపమీద కొట్టారు. నేను అడ్డుపడలేదు. గోడవార నడిచి ఇంటికి వచ్చాను.

బాపుతో చెప్పి లాభం లేదు. తల మార్చుకొమ్మంటే అసలు తలే తీసుకోమనే మనిషి. అందుకని ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు టోపీని బిస్కెట్ల రేకుడబ్బాలో పెట్టి, కందకం గోడకు దీపం కోసం తొలిచిన గూటిలోకి తోసి, మీద మట్టి అద్దాను. ఆయన ఎన్నటికీ అడుగుపెట్టని చోటు ఇంట్లో అదొక్కటే కదా!

"టోపీ ఏదిరా?"

"అచ్చుకు ఇచ్చిన బాపూ."

"ఎప్పుడిస్తడట?"

"దుకాణం బంద్ ఉంది. జెర ఆగాలె."

అబద్ధానికి నిజం తోడు దొరికింది. దుకాణం నిజంగానే మూసి ఉంది. బాపు రోజూ సాయంత్రం షేర్వానీ తొడుక్కునేవారు, గుండీలన్నీ పెట్టుకునేవారు, గడప దాకా వచ్చి నిలబడేవారు. "దుకాణం తీసిండా?" అనేవారు. లేదనేవాణ్ణి. మళ్ళీ గుండీలన్నీ ఒక్కొక్కటే విప్పుకునేవారు. అవతల చాచా కూడా భయంతో ఇల్లు కదలడం లేదని తెలుసు. ఊరు చల్లబడ్డాక డబ్బా తీసి ఇద్దామనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆ మురిపెంలోనే అల్వాల్‌లో మా అక్క ఇంటికి వెళ్ళి మూడు రోజులు ఉన్నాను. తిరిగి వచ్చేసరికి కందకం లేదు. దోమలు ముసురుతున్నాయని, పిల్లలు పడుతున్నారని టీచరమ్మగారు కూలీలను పెట్టి పూడ్పించేశారు. పైగా నన్ను చూసి సంబరంగా, "చదును చేయించి బెండ విత్తనాలు కూడా వేయించానండీ బాబూ! మీ అమ్మగారికి కూరకు కూర" అన్నారు. థాంక్స్ చెప్పాను. ఇంకేం చెప్పను?

అంతటితో ఆగని టీచరమ్మగారు వరండాలోని బాపు వైపు తిరిగి, "విన్నారా? మీ పోస్టాఫీసాయన బొంబాయి వెళ్ళిపోతున్నారట. కొడుకు దగ్గరికి. ఇక రారట. రేపు పదింటి బండికే" అన్నారు.

బాపు కుర్చీలోంచి లేచారు. నా వైపు చూశారు. "రేపు పొద్దుగాల దుకాణం తీపియ్యి. దుకాణపాయన ఇంటికి వొయ్యి కాళ్ళు మొక్కైనా తీపియ్యి" అన్నారు. ఎవరి కాళ్ళైనా మొక్కడమన్న మాట మా ఇంట్లో నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు.

మర్నాడు తెల్లవారగానే పలుగు తీసుకుని తవ్వడం మొదలుపెట్టాను. కందకం తిన్నగా ఉంటే ఎట్లాగో దొరికేది. పల్టనులో పనిచేసినవాడొకడు చెప్పాడని వంకరటింకరగా తవ్వించాం. ఏ వంపు ఎక్కడుందో వర్షానికి మట్టి అంతా ఒక్కటైపోయింది. మూడుచోట్ల నడుములోతు తవ్వాను. బెండ విత్తనాలన్నీ పోయాయి, డబ్బా దొరకలేదు. తల ఎత్తితే షేర్వానీలో బాపు.

"ఏం తవ్వుతున్నవ్‌రా?"

చెప్పేశాను. కాలువల్లోని టోపీలు, ముసలాయన చెంపమీది దెబ్బ, డబ్బా, గూడు, అన్నీ. కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది.

"నేను దిగనన్న బొందల, నా టోపీని దింపినవా" అన్నారు. అంతే.

గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, ఉత్త తలతో దాటారు. వెనుక అమ్మ గుండె బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఎవరు పొయిండ్రు? ఎవరు పొయిండ్రు?" చేతుల నిండా మట్టితో నేను ఆయన వెంట నడిచాను. తొమ్మిదిన్నర ఎండలో ఆయన బట్టతల మెరుస్తుంటే మొదటిసారిగా, ఆయన ముసలివారైపోయారని తెలిసింది.

స్టేషనులో పోస్టు చాచా తెల్ల టోపీ పెట్టుకుని, మూటల మధ్య కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ ఒకరి తల ఒకరు చూసుకున్నారు. మా కట్టుబాటు చాచాకు తెలుసు. దిగ్గున లేచాడు.

"ఏమైంది భాయ్? ఇంట్ల అందరు ఖైరియత్ కదా?"

"అందరు మంచిగనే ఉన్నరు. టోపీ పోయింది. మావోడే దఫన్ చేసిండు."

చాచా నన్ను, నా చేతుల మట్టిని చూశాడు. నవ్వు మొదలైంది. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆ తరువాత కళ్ళు తుడుచుకుని, "గిన్ని దినాలు రాకపోతివి. నువ్వు సుత మారినవేమో అనుకున్న" అన్నాడు. మూట విప్పి, కాగితంలో చుట్టిన తన ఎర్ర టోపీ తీసి బాపు నెత్తిన పెట్టాడు. "ఇది పెట్టుకుంటె రైల్ల నన్ను కూసోనియ్యరు. నీ దగ్గరనే ఉండనీ." చాచాది పెద్ద తల. టోపీ బాపు చెవులు దాటి దిగింది. ఇద్దరూ మళ్ళీ నవ్వారు. బండి కదిలింది.

బాపు ఆ టోపీని చేత్తో పట్టుకునే ఇంటికి వచ్చారు. దాన్ని గోడకు తగిలించారు. ఆ తరువాత ఆయన బ్రతికినన్నాళ్ళూ ఎక్కడికి వెళ్ళినా ఉత్త తలతోనే వెళ్ళారు. వీధివాళ్ళు మెచ్చుకున్నారు. "పాత మనిషైనా కాలంతోపాటు నడిచిండు" అన్నారు. ఒక సభలో దండ కూడా వేశారు. ఆయన వద్దనలేదు. ఆయన నడిచింది కాలంతోపాటు కాదని, పాడె వెంటనని ఇంట్లో మాకు మాత్రమే తెలుసు. బొంబాయి నుంచి కొన్ని కార్డులు వచ్చాయి. తరువాత రాలేదు.

ఇప్పుడు ఆ పెరటి మీద నాలుగంతస్తుల మేడ ఉంది. మాది కాదు. నేను పద్మారావు నగర్‌లో అద్దె వాటాలో ఉంటున్నాను. పాలప్యాకెట్ కోసం మెట్లు దిగాలన్నా నెత్తిమీద రుమాలు వేసుకుంటాను. మనవలు నవ్వుతారు. నవ్వనీ. ఇప్పుడు వీధి మలుపులో తీయడం లేదు. పేపర్లో అప్పుడప్పుడు, ఫలానాచోట పునాదులు తవ్వుతుంటే ఏదో పురాతన వస్తువు దొరికింది, దాని రహస్యమేమిటో పండితులకు అంతుబట్టడం లేదు అని వార్త వస్తుంది. ఏనాడో ఒకనాడు ఆ మేడ కిందా తుప్పుపట్టిన డబ్బా, అందులో కుచ్చున్న ఎర్ర టోపీ దొరుకుతాయి. ఏ నవాబుదో అంటారు, ఏ కుట్రో జరిగిందంటారు. వారికి శ్రమ తగ్గించడానికే ఇది రాసిపెడుతున్నాను. అందులో రహస్యం ఏమీ లేదయ్యా. అది గడ్డి కంట్రాక్టరుగారి కొడుకుది. దాచినవాడు పంతొమ్మిదేళ్ళ పిరికివాడు. దాచిపెట్టింది ప్రేమతోనే. ఆ డబ్బాను ఎవరైనా వాడి చేతికిస్తే, ముందు కుచ్చును చెవి వెనక్కి సర్దుతాడు.