నేచర్ స్ట్రిప్ మీద నలభై ఏళ్ల బొమ్మలు

మేము మెల్‌బోర్న్ వచ్చినప్పుడు రెండు వేల సంవత్సరం ఇంకా రాలేదు. అది వచ్చిన నిమిషంలో కంప్యూటర్లన్నీ తేదీ తెలియక ఆగిపోతాయని అందరూ నమ్మేవారు. ఆగకుండా చూడటం మా ఆయన ఉద్యోగం. పొద్దున్నే రైలెక్కి సిటీకి వెళ్లి, పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలని నాలుగంకెలు చేసి, సాయంత్రం వచ్చేవారు. నాకు ఏ పనీ లేదు. గుంటూరులో బోటనీ డిగ్రీ చదివాను. మేమున్న పేట క్లేటన్‌లో దాని గురించి ఎవరూ అడగలేదు.

మా వీధి చివర కౌన్సిల్ వాళ్ల కమ్యూనిటీ హౌస్ ఉండేది. ఇంగ్లీషు సంభాషణ క్లాసులో చేరదామని వెళ్లాను. అది నిండిపోయిందన్నారు. యోగా నిండిపోయింది. కేకుల మీద పూలు పెట్టడం నేర్పే క్లాసు కూడా నిండిపోయింది. డ్రాయింగ్‌లో ఖాళీ ఉందన్నారు. డ్రాయింగ్‌లో ఎప్పుడూ ఖాళీ ఉంటుందని తర్వాత తెలిసింది.

నేర్పేది అరవై దాటిన ఒక ఆస్ట్రేలియన్ పెయింటర్. పొట్టి మనిషి, మగవాళ్ల చొక్కా, జేబులో ఎప్పుడూ బొగ్గు ముక్కలు. తనని పేరు పెట్టి పిలవమని మొదటి శనివారమే చెప్పింది. మా అమ్మకంటే పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలవడం నా వల్ల కాలేదు. మేడమ్ అంటే ఆవిడకి నచ్చలేదు. అందుకని ఆవిడ దగ్గర నేర్చుకున్నన్నాళ్లూ ఏమీ పిలవకుండానే మాట్లాడాను. పలకరించాలంటే వెళ్లి ఎదురుగా నిలబడేదాన్ని.

మొదటి క్లాసులో బల్ల మీద ఎర్రపూల కొమ్మ ఒకటి పెట్టింది. సీసాలు కడిగే బ్రష్షులా ఉంటుంది, ఇక్కడ ప్రతి వీధిలోనూ ఉంటుంది. నేను డిగ్రీలో రికార్డు బుక్కులో గీసినట్టే గీశాను. సన్నటి గీతలు, షేడింగ్ లేదు, కుడిపక్క వరసగా పేర్లు, ఒక్కో పేరుకి స్కేలు పెట్టి గీత. ఆవిడ వచ్చి చాలాసేపు చూసింది.

"చాలా శుభ్రంగా ఉంది. దీన్ని చూసి గీశావా, తెలిసి గీశావా?"

"తెలిసి."

"ఈ పువ్వుని ఇంతకుముందు చూశావా?"

"లేదు. కానీ పువ్వంటే ఇలాగే ఉంటుంది."

ఆవిడ నవ్వలేదు. పేర్లు బాగా రాశావని చెప్పి పక్క బల్లకి వెళ్లిపోయింది.

ఆ పక్క బల్లతను తెలుగువాడని కొన్ని వారాలకి తెలిసింది. రబ్బరు కిందపడి దొర్లిపోతే "దీని సంగతేందో" అనుకుంటూ వంగాడు. హైదరాబాదు. మలక్‌పేటలో వాళ్ల నాన్నకి టైర్ల షాపు. ఫైన్ ఆర్ట్స్‌లో పెయింటింగ్ చదివి, ఇంకో కోర్సు పేరు మీద ఇక్కడికొచ్చి, సిటీలో వెబ్‌సైట్లు చేసే కంపెనీలో చేరాడు. రోజంతా అతని పని బటన్లు గీయడం. మామూలుగా ఉన్న బటన్ ఒకటి, నొక్కినప్పుడు లోపలికి పోయినట్టుండే బటన్ ఇంకొకటి. నీడ ఏ వైపు పడాలో అతనికి బాగా తెలుసు కాబట్టి ఆఫీసులో మంచి పేరుండేది.

"నేర్చుకోనీకి రాలే అక్కా," అన్నాడు. "శనివారం ఇంట్ల నలుగురుంటం. ఈడ వెచ్చగుంటది, బల్ల ఉంటది."

క్లాసు మధ్యలో టీ తాగేటప్పుడు అతను ఆవిణ్ణి వదిలేవాడు కాదు. వాళ్ల కాలేజీలో మాస్టర్లు వెస్ట్‌లో ఆర్టిస్టుకి ఇజ్జత్ ఉంటుందని చెప్పారట. వెస్ట్ ఎక్కడ మొదలవుతుందో చెప్పలేదట. ఇక్కడ ఆర్టిస్టు కెరీర్ ఎలా ఉంటుందని అడిగాడు.

ఆవిడ బిస్కట్టు టీలో ముంచుకుంటూ చెప్పింది. హైస్కూల్లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పింది. అంతకుముందు పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసింది. సాయంత్రాలు ఇంటి వెనక షెడ్డులో బొమ్మలు వేసింది. అప్పుడప్పుడు ఎగ్జిబిషన్ పెట్టింది. పేపర్లో ఒకసారి రాశారు, ఇంటిపేరు తప్పు పడింది.

"కొన్నవాళ్లు?" అన్నాడు.

"స్నేహితులు. చెల్లెలు. మా డెంటిస్టు రెండు కొన్నాడు. వెయిటింగ్ రూములో పెట్టాడు. నా బొమ్మల్ని అన్నిటికంటే ఎక్కువమంది చూసింది అక్కడే. అందరూ నొప్పితో చూశారు."

ఇంటికి నడిచి వస్తుంటే అతను, "ఈమె నిజం చెప్తలేదు అక్కా. మనం పోటీకొస్తమని దాస్తున్నది," అన్నాడు. అతను ఆ మాట నిజంగానే నమ్మాడు.

జనవరి ఒకటిన ఏదీ ఆగలేదు. మా ఆయన ఆఫీసులో, ఏమీ జరగకుండా చూసినందుకు కేకు కోశారు. కొన్నాళ్లకి కాంట్రాక్టు అయిపోయింది. ఏమీ జరగని చోట ఆయన చేసిన పని ఎవరికీ కనపడలేదు. కొత్త పన్ను వస్తోందని, బిల్లులు కొట్టే ప్రోగ్రాములన్నీ మార్చాలని ఇంకో కంపెనీ పిలిచేదాకా ఇంట్లోనే ఉన్నారు. ఆ రోజుల్లోనే హైదరాబాదు అతను మా ఇంటికొచ్చి, గ్యాలరీలకి వెళ్లాలంటే ఆర్టిస్టు స్టేట్‌మెంట్ అని, తన బొమ్మల గురించి చెప్పే కాగితం ఒకటి ఉండాలట, తనకి రాయడం రాదు, అన్న రాసిపెట్టాలి అన్నాడు. అన్నంటే మా ఆయన. ఆయన ఖాళీగా ఉన్నారు కాబట్టి తమ ఆఫీసు పద్ధతిలో రాసిచ్చారు. ఉద్దేశం, పరిధి, పరిమితులు, అని మూడు భాగాలు.

గ్యాలరీలకి నన్ను తోడు రమ్మన్నాడు. మాట్లాడేటప్పుడు నోరు ఎండిపోతుందట. నాకూ ఇంగ్లీషు అంతంతమాత్రమే. అయినా ఇద్దరం కలిసి వెళ్లాం.

అతని బొమ్మలు నాకు నచ్చేవి. బట్టలారేసే గొడుగులాంటి తీగలు, చెత్త బిన్నులు, ఆదివారం ఖాళీగా ఉండే ఫ్యాక్టరీ కార్ పార్కు. మొదటి గ్యాలరీ ఆయన, బొమ్మల్ని ఫొటోలు తీసి చేయించిన స్లయిడ్లన్నీ నల్ల ఫ్రేము కళ్లద్దాల్లోంచి వెలుతురుకి పట్టి చూశాడు.

"బాగున్నాయి. కానీ ఇందులో మీ దేశం ఎక్కడుంది?"

"ఇది నేనుండే వీధి," అన్నాడు ఇతను.

"నిజమే. మీ అనుభవం ఎక్కడుంది అంటున్నా."

"ఆ బిన్నులు బయట పెట్టేది నేనే."

ఏనుగులు పెట్టమనడం తన ఉద్దేశం కాదన్నాడు ఆయన. ఏనుగు సంగతి మేమెవరమూ ఎత్తలేదు.

రెండో గ్యాలరీ ఆవిడ స్టేట్‌మెంట్ రెండుసార్లు చదివింది. ఇంత నిజాయితీగా రాసినది తను చూడలేదంది, ముఖ్యంగా పరిమితుల భాగం. కాపీ ఉంచుకోవచ్చా అని అడిగింది. బొమ్మలు మాత్రం వద్దంది. ఆ సంగతి విని మా ఆయన చాలా రోజులు సంతోషంగా ఉన్నారు.

మరుసటి ఏడాది ఎండలు తగ్గాక, ఆవిడ క్లాసులో ఒక సంగతి చెప్పింది. ఇల్లు అమ్మేస్తోంది. సముద్రం వైపు చెల్లెలి ఇంటి పక్కన ఫ్లాట్ లాంటి చిన్న యూనిట్ తీసుకుంది. షెడ్డు ఖాళీ చెయ్యాలి, బరువులెత్తడానికి ఎవరైనా వస్తారా అని అడిగింది. నేనూ, మా ఆయనా, హైదరాబాదు అతనూ వెళ్లాం.

షెడ్డు తలుపు తీస్తే లోపలికి అడుగు పెట్టే చోటు లేదు. అటూ ఇటూ చెక్కలు కొట్టి, ఒకదాని వెనక ఒకటి కేన్వాసులు నిలబెట్టి ఉన్నాయి. చాలావాటిలో అదే పెరడు. అదే కంచె, అదే నిమ్మచెట్టు, అదే గేటు, వేరువేరు ఏళ్లలో. నిమ్మచెట్టు కొన్నిటిలో మోకాలెత్తు ఉంది, కొన్నిటిలో కప్పు దాటింది. నలభై ఏళ్ల పని. హైదరాబాదు అతను ఒక్కొక్కటీ బయటికి లాగి చూశాడు.

"ఇవన్నీ ఎక్కడికి తీసుకెళ్తారు?" అని మా ఆయన అడిగారు.

"కొత్త ఇంట్లో ఖాళీ గోడలు రెండే. నాలుగు ఉంచుకుంటాను. యూనివర్సిటీకి ఫోన్ చేశాను, పెట్టుకోవడానికి చోటు లేదన్నారు. లైబ్రరీ కూడా అదే చెప్పింది. ఈ వారం కౌన్సిల్ వాళ్లు హార్డ్ రబ్బిష్ తీసుకెళ్తారు."

ఇక్కడ ఏడాదికి ఒకటి రెండుసార్లు పాత సోఫాలూ పరుపులూ ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్యనున్న గడ్డి మీద పెడితే కౌన్సిల్ లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. ఆ గడ్డినే నేచర్ స్ట్రిప్ అంటారు. ఆ వీధిలో అప్పటికే ఒక ఫ్రిజ్జూ, మూడు చక్రాల బేబీ బండీ బయటికొచ్చి ఉన్నాయి.

హైదరాబాదు అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నా వైపు తిరిగి తెలుగులో, "ఇట్ల ఎట్ల పడేస్తది అక్కా? చెప్పుండ్రి ఆమెకి. పోయి చెప్పుండ్రి," అన్నాడు. చెప్పాను.

"పడెయ్యడం లేదు," అంది ఆవిడ. "బయట పెడుతున్నాను. ఒక్కటే మాట. ఇంటి వైపు తిప్పి పెట్టకండి. వీధి వైపుకి ఉండాలి."

మా ఆయనా నేనూ మోసుకొచ్చి, షెడ్డులోని చెక్కలకి ఆనించి గడ్డి మీద నిలబెట్టడం మొదలుపెట్టాం. హైదరాబాదు అతను కాసేపు షెడ్డు గుమ్మంలో కూర్చున్నాడు. తర్వాత లేచి వచ్చి, మేము పెట్టినవన్నీ తీసి మళ్లీ పెట్టాడు. నిమ్మచెట్టు ఎత్తుని బట్టి ఏది ముందుదో ఏది తర్వాతదో చూసి, పాతవి ఎడమ చివర, కొత్తవి కుడి చివర. రెంటి మధ్య జానెడు ఖాళీ. ఆవిడ మడతకుర్చీ తెచ్చుకుని రోడ్డుకి అవతల కూర్చుంది.

"ఆ నీలందాన్ని ఇంకొంచెం ఎడమకి," అంది.

జరిపాడు.

"పక్కింటివాళ్ల నేచర్ స్ట్రిప్ కూడా వాడుకోండి. వాళ్లు ఊళ్లో లేరు."

మధ్యాహ్నానికి మూడిళ్ల పొడవునా బొమ్మలున్నాయి. మబ్బు పట్టింది కానీ వాన రాలేదు. కుక్కల్ని నడిపించేవాళ్లు ఆగి చూశారు. ఒకాయన ఫ్రేము తీసుకుంటాను, లోపలిది వద్దన్నాడు. హైదరాబాదు అతను ఆయన్ని చూసిన చూపుకి రెండూ తీసుకెళ్లాడు.

తర్వాత యూనివర్సిటీ వైపు నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. మా మాటలు విని తెలుగులోకి దిగారు.

"ఆంటీ, ఇవి ఊరికే తీసుకోవచ్చాండీ?"

నాకప్పుడు ఇరవై ఎనిమిది. క్లేటన్‌లో పెళ్లయినవాళ్లందరూ ఆంటీలే. తీసుకోవచ్చన్నాను. ఏది కావాలో చూసుకోమన్నాను. ఒకడు జేబులోంచి దారం ముక్క తీసి కేన్వాసులకి పెట్టి కొలవసాగాడు.

"ఏం కొలుస్తున్నావు?"

"లాంజ్‌లో క్రికెట్ ఆడితే గోడకి బొక్క పడిందండీ. బుధవారం అద్దె ఇంటి ఏజెంట్ ఇన్‌స్పెక్షన్ ఉంది."

ఆవిడ రోడ్డు దాటి వచ్చి, ఏమంటున్నాడని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ అతన్ని, గోడ ఏ రంగు, కిటికీ ఏ వైపుంది అని అడిగింది. వాడు చెప్పాడు. అయితే ఇది కాదు, అది, అని కుడి చివరి నుంచి ఒక పెద్దది చూపించింది. వాళ్లు దాన్ని తలల మీద పెట్టుకుని వెళ్లారు. అరగంటలో ఇంకో ఆరుగురు వచ్చారు. క్లేటన్‌లో అందరి గోడలూ అలాగే ఉన్నట్టున్నాయి. ఒకబ్బాయి కిటికీ సందులోంచి గాలి వస్తోందని నిలువు కేన్వాసు అడిగాడు. ఒకమ్మాయి మాత్రం ఏ కారణమూ చెప్పలేదు. నిమ్మచెట్టు చిన్నగా ఉన్నది ఒకటి తీసుకుని, థాంక్యూ చెప్పి వెళ్లింది. లారీ వచ్చేసరికి మా వైపు మిగిలింది షెడ్డులో దొరికిన పరుపొకటే.

ఇల్లు మారే ముందు ఆవిడ నన్నొక సాయం అడిగింది. అవి ఎక్కడున్నాయో చూడాలంది. ఆ కుర్రాళ్లలో ఒకరిద్దరు మా ఇండియన్ షాపులో కనపడేవారు. వాళ్లని అడిగితే మిగతా ఇళ్లు తెలిశాయి. ఒక ఆదివారం మా ఆయన కారులో తిప్పారు. హైదరాబాదు అతను ముందు సీట్లో కూర్చుని దారి చెప్పాడు.

ప్రతి ఇంట్లోనూ ఆవిడ ముందు బూట్లు విప్పింది. ఎవరూ విప్పమనలేదు, గుమ్మంలో చెప్పులు చూసి విప్పింది. ఒక ఇంట్లో కేన్వాసు రెండు పరుపుల మధ్య తడికలా నిలబెట్టి ఉంది. ఇంకో ఇంట్లో తలకిందులుగా ఉంది. నేను చెప్పబోతే ఆవిడ వద్దని చెయ్యి ఊపింది. బొక్క కప్పిన ఇంట్లో కుర్రాడు మాకు టీ పెట్టాడు. ఏజెంట్ ఏమందని మా ఆయన అడిగారు. "చాలా బాగుంది, ఎక్కడ కొన్నారు అందండీ," అన్నాడు. తర్వాత ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాడు. "రోజూ దీని ఎదురుగా కూర్చుని తింటాను. ముందు ఉట్టి పెరడే అనుకున్నాను. వారం తర్వాత ఆ మూల మనిషి కనపడ్డాడు."

ఆవిడ లేచి గోడ దగ్గరికెళ్లి చూసింది. మనిషెవరూ లేరు. అక్కడ ఉన్నది గేటు గుంజ, దాని మీద ఆరేసిన గోనెసంచి. మాకందరికీ అది తెలుసు.

"ఎవరనుకుంటున్నావు?" అని అడిగింది.

"లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టున్నాడు," అన్నాడు వాడు.

"అవును," అంది ఆవిడ. వచ్చి కూర్చుని టీ పూర్తిగా తాగింది. అందులో మూడు చెంచాల పంచదారుంది.

ఆవిణ్ణి ఇంటి దగ్గర దించుతుంటే హైదరాబాదు అతను ఇంగ్లీషులో, మీకు బాధగా లేదా అని అడిగాడు. ఉంది అంది ఆవిడ. చాలా ఉంది. తలకిందులుగా పెట్టినదాని గురించి ఎక్కువ, ఎందుకంటే అలాగే బాగుంది.

ఆవిడ వెళ్లిన కొన్ని నెలలకి బటన్ల కంపెనీ మూతపడింది. అప్పుడు ఊళ్లో అలాంటి కంపెనీలు చాలా మూతపడ్డాయి. హైదరాబాదు అతను గ్యాలరీలకి వెళ్లడం మానేసి టీచర్ ట్రైనింగులో చేరాడు. పడమటి వైపు ఒక స్కూల్లో డ్రాయింగ్ మాస్టారయ్యాడు, అటువైపే ట్రుగనీనాలో ఇల్లు కట్టుకున్నాడు. బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. ఇప్పుడు వాటిల్లో కార్ పార్కుల బదులు గోడౌన్లు ఉంటాయి. కెరీర్ ఎలా ఉందని నేను ఎప్పుడూ అడగలేదు. "మంచిగుంది అక్కా," అని తనే చెప్తాడు, స్కూలు గురించో దేని గురించో తెలియదు.

ఆవిణ్ణి చూడటానికి నేనూ హైదరాబాదు అతనూ ఒక్కసారే వెళ్లాం. యూనిట్లో వంటింటి బల్ల చిన్నది, అందుకని చిన్నవి వేస్తున్నానంది. పక్కింటివాళ్ల కుక్క ఎండలో వరండా మెట్ల మీద పడుకుని ఉంది. మా ఇద్దరికీ కాగితాలిచ్చి, తనూ ఒకటి తీసుకుని, దాన్ని గీయమంది. నేను చెవి దగ్గర మొదలుపెట్టాను. అతను వీపు గీతతో మొదలుపెట్టాడు. వీపు అయ్యేలోపు కుక్క లేచి వెళ్లిపోయింది. ఆవిడ మాత్రం మెట్లు గీస్తూ కూర్చుంది.