బొడ్డమ్మ పిడికిలి

నందిగాం పక్క ఊళ్లో మగ్దలీన అంటే నోటికి పెట్టింది పేరు. చదివింది మూడో తరగతి, నోరు మాత్రం ఎమ్మే ప్యాసైందని ఊరంతా అంటుంది. నలభై ఏళ్లు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసింది. డెబ్బై దాటాక ఇప్పుడు ఇంటి అరుగు మీదే కూర్చుని పప్పుకు పొట్టు తీస్తోంది. అలాంటి మనిషిని ఒక్క తెల్లకాగితం మంచాన పడేసినంత పని చేసింది.

ఊళ్లోని క్రైస్తవ సంఘానికి వందేళ్లు నిండుతున్నాయి. సంచిక వేస్తున్నారు. "మన సంఘంలో మరువరాని మనిషి" అని ఇంటికొక పేజీ రాసివ్వాలి. ఆదివారం ఆఖరు.

ఎవరి గురించి రాయాలన్న దానికి ఆమె తడుముకోలేదు. తల్లి బొడ్డమ్మ గురించే. ప్రార్థన గుడి గోడకున్న రాతిపలక మీద దాన్ని కట్టించినవాళ్లవి పదకొండు పేర్లున్నాయి, పదకొండూ మీసాలున్నవే. ఆ రోజుల్లో ఎసరు పెట్టినప్పుడల్లా ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీసి దేవుడి కుండలో వేసేవారు. శనివారం శనివారం బొడ్డమ్మ ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేసేది. ముప్పై ఏళ్లు తిరిగింది. గుడి మీదికి పెంకులు ఆ బియ్యం అమ్మిన డబ్బుతోనే వచ్చాయి. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు. ఈ పేజీలో కూడా సరిగా నిలబడకపోతే ఇక నిలబడే చోటే లేదు.

మొదట పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టింది. కోడలు గ్లోరీ చదివి నవ్వింది.

"అత్తా, ఒక్క పేజీయే అన్నారు. నువ్వు నాలుగు పేజీలు రాసినా మీయమ్మకింకా పెళ్లి కానేదు."

"ఆలీసెం మా తాతది, నాది కాదు," అంది మగ్దలీన. కాగితాలు మాత్రం చింపేసింది.

మర్నాడు చిన్నదిగా రాసింది. భక్తిపరురాలు, సాత్వికురాలు, కష్టజీవి అని.

"ఇది బాగుందత్తా."

"ఏటి బాగు? సచ్చినోళ్లందరూ ఇలాటోళ్లే. ఈ కాయితం మీద ఎవులి పేరెట్టినా సరిపోద్ది."

అదీ చింపేసి గోడకు చేరగిలబడింది. నడుం లాగేస్తోంది. కళ్లు మూసుకుంటే తల్లి ముఖం కూడా సరిగా రాలేదు. కట్టిన చీర రంగు గుర్తులేదు. ఒక్క చేయి మాత్రం కనిపించింది. ఎముకలు తేలిన చేయి, మూసిన పిడికిలి.

ఆ చేయి వెనక ఒక కథ ఉంది. వానలు మొహం చాటేసిన ఏడాది అది. ఎనిమిదేళ్ల మగ్దలీన సంచి పట్టుకుని తల్లి వెంట తిరిగేది. వెనక నలుగురు ఆడవాళ్లు పాడుకుంటూ వచ్చేవారు. ఒకింటి దగ్గర దేవుడి కుండ ఖాళీ. ఇల్లాలు తల వంచుకుని నిలబడింది. బొడ్డమ్మ ఆ సంగతి ముందే కనిపెట్టింది. తన ఇంటి బియ్యం కొంగున ముడేసి తెచ్చుకుంది, వీధి మలుపులోనే పిడికిట్లోకి తీసుకుంది. మూసిన పిడికిలి కుండలోకి దించి, గలగలమనిపించి, నిండుగా పైకి తీసి అందరి ముందూ సంచిలో పోసింది. "దండిగానే ఏసినావే," అని పైకి అంది కూడా. కొత్త పంట వచ్చేదాకా ప్రతి శనివారం అదే పని. కూతురికి ఒకటే చెప్పింది: "నోరిప్పినావంటే పళ్లు రాలగొడతాను."

అరవై ఏళ్లు దాటినా మగ్దలీన నోరిప్పలేదు. ఆ ఇల్లు ఇప్పటి పాస్టరు షాలేమ్ రాజు నాయనమ్మది.

ఇది రాయకపోతే తల్లి తల్లిలా ఉండదు. రాస్తే ఆ ఇల్లు బయటపడుతుంది, తల్లి దాచిందంతా బూడిదలో పోసినట్టే. రెండు మధ్యాహ్నాలు ఇదే గుంజాటన. ఆఖరికి ఇల్లు వదిలేసింది, ఇల్లాలిని వదిలేసింది, కరువు ఏ ఏడాదిదో కూడా వదిలేసింది. చేయి ఒక్కటే రాసింది. కణుపులు ఎలా ఉండేవో, మూసినప్పుడు నరాలు ఎలా లేచేవో, నిండుగా దిగి నిండుగా పైకి వచ్చిన తీరు ఏమిటో. పేజీ సరిగ్గా సరిపోయింది.

శనివారం ఆ పేజీ తీసుకెళ్లడానికి షాలేమ్ రాజు వచ్చాడు. నిలబడి చదవడం మొదలుపెట్టినవాడు సగంలో అరుగు మీద కూర్చుండిపోయాడు.

"ఇది ఏ ఇంట్లో జరిగిందమ్మా? పేరుంటే సాక్ష్యానికి బలం వస్తుంది. ఆ ఇంటివాళ్లూ సంతోషిస్తారు."

మగ్దలీన అతని వంక చూసింది. నాయనమ్మ నుదురే.

"నాను సిన్నదాన్నయ్యగారూ. సంచి మోసినాను గాని ఇళ్లెక్కడ సూసినాను?"

"కొంచెం గుర్తుచేసుకోండి."

"నానీ కాయితం సేతి గురించి రాసినాను. కుండ గురించి కావాలంటే మరొకలిసేత రాయించుకోండి."

అతను నవ్వి కాగితం మడిచాడు. మెట్టు దిగుతూ ఆగాడు. "మా నాయనమ్మ కూడా బొడ్డమ్మ గారి పేరెత్తితే చాలు, కళ్లనీళ్లు పెట్టుకునేది. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు."

గ్లోరీ చప్పున అత్త ముఖం చూసింది.

"ముసిలోళ్ల కళ్లు బాబూ, ఊరికినే కారతాయి," అంది మగ్దలీన. "నువ్వెల్లిరా. నాను నడుం వాల్చాల."

అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి, జీడిపప్పు చేట పక్కకు జరిపి, అరుగు మీదే పడుకుంది.