కాపీ చేయని ఫోల్డర్

రాజోలులో హోమియో డాక్టరు గారి కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ పెట్టింది నేనే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో. హైదరాబాదులో కొన్నాళ్ళు కోర్సు చేసి వచ్చి, అమలాపురంలో ఒక ఇనిస్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. ఈ చుట్టుపక్కల లినక్స్ తెలిసినవాడు ఇంకొకడు లేడన్న గర్వం ఉండేది.

హోమియోలో మందు కన్నా ముందు మనిషి కథ వినాలి. దాహం ఎలా ఉంటుంది, ఏ వైపు తిరిగి పడుకుంటారు, చలి పడుతుందా, కలలేమైనా వస్తాయా అని డాక్టరు గారు అడిగేవారు. పక్కనే కూర్చుని ఆయన భార్య నేను రాసిన ప్రోగ్రామ్‌లోకి ఎక్కించేవారు. ఏ మందు ఇచ్చిందీ, అది ఎలా పనిచేసిందీ కూడా అందులోనే. కంప్యూటర్ వచ్చాక కాగితం మీద రాయడం మానేశారు. నేనే మాన్పించాను.

లినక్స్ కొత్త వెర్షన్‌లో తెలుగు అక్షరాలు కనిపిస్తాయని తెలిసి, ఒక ఆదివారం సీడీలు పట్టుకుని వెళ్ళాను.

"పాతవన్నీ ఉంటాయాండి?" అని అడిగారు ఆవిడ.

"సీడీలోకి ఎక్కించేసేనండి. అంతా ఒక్క ఫోల్డర్‌లోనే ఉంటుంది."

నాకు విండోస్ అలవాటు. ఏ సాఫ్ట్‌వేర్‌కైనా దాని పేరుతో ఒక ఫోల్డర్, దాని సరంజామా అంతా అందులోనే అనుకునేవాణ్ణి. ఇక్కడా యూఎస్ఆర్ అనే ఫోల్డర్ కింద షేర్‌లో, నా ప్రోగ్రామ్ వివరాలు దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పేరుతో ఫోల్డర్ కనిపించింది. తెరిచి చూడలేదు. దాన్నీ, నా ప్రోగ్రామ్‌నీ కాపీ చేసుకుని డిస్క్ మొత్తం ఫార్మాట్ చేశాను.

మధ్యాహ్నానికి కొత్త లినక్స్ ఎక్కింది. సీడీలోవి మళ్ళీ పెట్టి ప్రోగ్రామ్ తెరిస్తే, అలాంటి డేటాబేసే లేదంది.

కాపీ చేసుకున్న ఫోల్డర్ అప్పుడు తెరిచాను. అందులో ఉన్నవి ఆ సాఫ్ట్‌వేర్ తప్పు జరిగితే చూపించే ఎర్రర్ మెసేజ్‌లు, రకరకాల భాషల్లో; రోగుల వివరాలు ఒక్కటీ లేవు. ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ తన ఫైళ్ళు ఎక్కడెక్కడ పెట్టిందో చెప్పే కమాండ్ ఒకటుంది. ఆర్‌పీఎమ్ అని కొట్టి, క్యూఎల్ చేర్చి, ప్యాకేజీ పేరు ఇస్తే చాలు. క్లాసులో బోర్డు మీద రాసి చెప్పేవాణ్ణి. సొంత పనికి ఒక్కసారీ వాడలేదు. ఇప్పుడు కొట్టాను. తెర నిండా వరసలు దిగాయి. సెట్టింగులు ఈటీసీ ఫోల్డర్‌లో, నడిపే ఫైళ్ళు యూఎస్ఆర్ కింద బిన్‌లో. ఒక్క ప్యాకేజీ డిస్కంతా పరుచుకుని ఉంది. చిట్టచివర, వార్ కింద లిబ్. డేటా ఉండేది అక్కడ. నేను అటువైపే వెళ్ళలేదు.

"మొన్న కరెంటు పోయినప్పుడు నేను సరిగ్గా ఆపలేదండి," అన్నారు ఆవిడ మెల్లిగా. "దానివల్ల గానీ పోయిందంటారా?"

ఔనంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చిందని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"కాదండి. నేనే చెరిపేసేను."

"ఇంకెక్కడైనా ఉండి ఉంటాయాండి?" అన్నారు డాక్టరు గారు.

"లేవండి."

"ఆయ్," అన్నారాయన, సరేనన్నట్టు.

మర్నాడు పొద్దున్న వెళ్ళి, ఖాళీ డేటాబేస్ ఒకటి కొత్తగా పెట్టి, మళ్ళీ ఆ కంప్యూటర్ దగ్గరే నిలబడ్డాను. గోదావరి లంకలో నుంచి ఒక పెద్దావిడ ఆయాసపడుతూ వచ్చింది.

"కిందటేడు ఇచ్చిన మందే ఇచ్చేయండి డాక్టరు గారూ. ఆయాసం ఇట్టే కట్టేసింది."

డాక్టరు గారు భార్య వైపు చూశారు. ఆవిడ తెర వైపు చూసి తల దించుకున్నారు.

"రాసుకున్నది పోయిందమ్మా," అన్నారు డాక్టరు గారు. "మళ్ళీ అన్నీ చెప్పాలి."

"అప్పుడే అడిగేరు కదండీ. నా కలలు కూడా చెప్పించుకుని అమ్మగారు అందులో కొట్టుకున్నారు. దాచుకోలేని కాడికి అడగడం దేనికండి?"

ఏదో ఒకటి చెయ్యాలని నేను కల్పించుకున్నాను. "ఆ మాత్రలు ఎలా ఉండేవో గుర్తుందాండి?"

ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది. "తెల్లగా ఉండేయి బాబూ. తియ్యగా. ఇక్కడ ఏ మందైనా అంతే కదా."

వెనక అల్మైరాలో వరసలు వరసలుగా సీసాలు. అన్నిట్లోనూ అవే తెల్లటి మాత్రలు. వాటి వైపు చూడలేకపోయాను.

డాక్టరు గారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "దాహం ఎలా ఉందమ్మా?"

ఆవిడ ఊపిరి అందేదాకా ఆగి ఒక మాట, మళ్ళీ ఆగి ఇంకో మాట చెప్పింది. ఆగినప్పుడల్లా, అవన్నీ మళ్ళీ ఎక్కిస్తున్న డాక్టరు గారి భార్య వేళ్ళు కీబోర్డు మీద అలాగే ఆగిపోయేవి.