విలేకరికి సతీవియోగం

నా భార్య జాకెట్లు కుట్టేది. జహీరాబాద్‌లో చాలామంది ఆడవాళ్లకు నేను ఆమె మొగుడిగానే తెలుసు. ఒక పత్రికకు వార్తలు రాస్తానని తెలిసినవాళ్లు తక్కువే.

పొద్దున్నే నేను పేపరు చదివి వినిపిస్తుంటే ఆమె జొన్నరొట్టెలు చేస్తూ వంకలు పెట్టేది. చిరాగ్‌పల్లి దగ్గర లారీ గుద్దిన కూలీ 'మృతి చెందాడు', అదే పేజీలో ఒక నాయకుడు 'కన్నుమూశారు'. మంత్రి 'విచ్చేశారు', రైతు 'వచ్చాడు'. ప్రాణం పోవడంలో కూడా పెద్దాచిన్నా ఉంటుందా అని అడిగేది. అది ఆఫీసులో మా వార్తలు దిద్దే డెస్కు పద్ధతి అంటే, మీ డెస్కుకు తిక్క ముదిరిందని నవ్వేది. నాకు చిర్రెత్తుకొచ్చేది. ఆమె చెప్పింది నిజమే కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చేది.

పోయిన వానాకాలం ఆమెకు గుండెనొప్పి వచ్చింది. ఆటో దవాఖాన చేరకముందే నా ఒళ్లోనే పోయింది.

అంత్యక్రియలైన సాయంత్రం డెస్కు నుంచి ఫోను వచ్చింది. వార్త తామే రాసుకుంటామని, నన్ను విశ్రాంతి తీసుకోమని చెప్పారు. నేను ఒప్పుకోలేదు. ఆమె కోసం నేను చేయగలిగిన పని అదొక్కటే మిగిలింది. అరుగు మీద కూర్చుని ఫోనులోనే రాసి పంపాను. మొదటి మాట ఆమె పేరు. తర్వాత ఆమె పుట్టిన కోహీర్, ఆమె పని, ఆమె దగ్గర కుట్టు నేర్చుకున్న ఆడపిల్లలు. నా పేరు చిట్టచివర. ఫొటో ఆమెది, మిషను ముందు కూర్చుని నవ్వుతున్నది. 'చనిపోయారు' అని రాశాను. పేపర్లో ఆమెకు ఆ 'రు' దక్కాలని నా పట్టుదల.

మర్నాడు వచ్చిన శీర్షిక 'విలేకరికి సతీవియోగం'. కింద నా ఫొటో. నన్ను పరామర్శించిన వాళ్ల పేర్లన్నీ హోదాలతో సహా వేశారు. ఆమె పేరు లేదు. 'ఆయన సతీమణి మృతి చెందారు' అని ఉంది. 'రు' మాత్రం ఉంచారు, అది నాకిచ్చిన మర్యాద. డెస్కులో పిల్లలు నా మీద అభిమానంతోనే చేశారు. మా పత్రికల్లో ఇంటి ఆడమనిషి పోతే మగమనిషి పేరు మీదే వార్త వస్తుంది. తిట్టడానికి నోరు రాలేదు, ఊరుకోవడానికి మనసు రాలేదు. పేపరు నలిపి పారేద్దామనుకున్నాను.

అంతలో మా అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకు చదువు రాదు. బిడ్డ పేపర్లో పడిందని ఎవరో చెప్పారట. ఫొటో వంక చాలాసేపు చూసింది.

"గిది నువ్వే గదా అల్లుడా. నా బిడ్డ ఫొటో ఎయ్యలే?"

జాగా చాలలేదట అని చెప్పాను.

"పోనీ, పేరున్నది గదా. ఏడున్నదో జర సూపియ్యి."

'సతీమణి' అన్న మాట మీద వేలు పెట్టాను. ఆమె నా వేలు పక్కకు జరిపింది. ఆ నాలుగక్షరాలను మెల్లగా నిమురుతూ, బిడ్డను పేరు పెట్టి పిలిచింది.