ఏడో గుడ్డు

మా ఇంట్లో కొండచిలువలున్నాయని తెలిసినవాళ్ళు మొదట అడిగేది ఒకటే: "కరవవా?" రెండోది కాస్త గొంతు తగ్గించి అడుగుతారు: "మీ ఆయన ఏమీ అనడా?" ఆయనది విశాఖలో ఉద్యోగం. ఆదివారం వస్తాడు, పాముల గది తలుపు గడియ పడిందో లేదో చూసుకుని భోజనానికి కూర్చుంటాడు. అంతకు మించి ఏమీ అనడు.

నేను పలాసలో హైస్కూల్ పిల్లలకు జీవశాస్త్రం చెప్తాను. మన జీడితోటల్లో కనబడే కొండచిలువను ఇంట్లో పెట్టుకుంటే జైలే. మావి ఆఫ్రికా రకం, కాగితాలున్నవి. నాలుగడుగులు దాటవు. భయమేస్తే తల లోపల దాచుకుని ఉండ చుట్టుకుంటాయి. కొత్త మనిషి గదిలోకొస్తే వణికేది మనిషి, దాక్కునేది పాము. అంత పిరికి జంతువు మీద ఇన్ని కథలు ఎవరు పుట్టించారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పాములు వచ్చిన రెండేళ్ళకు అత్త, మా ఆయన వాళ్ళమ్మ, వచ్చింది. ఉద్దానంలో చాలామందికి ఉన్న కిడ్నీ జబ్బే ఆమెకూ వచ్చి, వారానికి మూడుసార్లు డయాలసిస్ పడింది. ఊరి నుంచి తిరగలేక మా ఇంటికి చేరింది. వచ్చేముందు తన నలభై కోళ్ళనూ పంచిపెట్టేసింది. ఒక్కటైనా తెచ్చుకోమంటే, "పాములున్న ఇంటికి కోడేటే? దానికి బుద్దున్నా నీకు లేదు" అంది. బాప్టిస్టు సంఘంలో పెరిగిన మనిషి, పాము పేరెత్తితే ఏదెను తోట దాకా వెళ్ళి గానీ ఆగదు. డాక్టరు రోజు మొత్తానికి ఒక చిన్న సీసాడు నీళ్ళే తాగమన్నాడు. ఆ సీసా పక్కన పెట్టుకుని, మూత తీసి, చూసి, మళ్ళీ మూత పెట్టేది. పాముల గది వైపు మాత్రం తొంగి చూసేది కాదు.

గుడ్లు వచ్చాక చూసింది.

వేసవిలో పెడతాయని చదివాను. మా ఆడపాము ఏమీ చదువుకోలేదు గనక దసరా సెలవుల ముందు పెట్టింది. ఏడు గుడ్లు. కోడిగుడ్డులా పెంకు ఉండదు, మెత్తటి తోలు సంచిలా ఉంటుంది. ఆరు ఒకదానికొకటి అంటుకుని గుత్తిగా ఉన్నాయి. ఏడోది కాస్త చిన్నది, విడిగా పడింది. తల్లి వాటి చుట్టూ చుట్టుకుని పడుకుంది. నేను దాన్ని మెల్లగా విడదీసి, గుడ్లను థర్మోకోల్ పెట్టెలో తడి కొబ్బరి పొట్టు మీద పెట్టి, కరెంటుతో వేడి వచ్చే ఏర్పాటు చేశాను. ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో చుక్క పెట్టాను. పాము గుడ్డు పెట్టినది పెట్టినట్టే ఉండాలి. తిప్పితే లోపలి పిల్ల చచ్చిపోవచ్చు. ఆ భయంతో ఒక్కటి కూడా ఎత్తి చూడలేదు.

"తల్లి దగ్గర లాక్కున్నావేటే?" అంది గుమ్మంలోంచి అత్త. అదే మొదటిసారి ఆమె అక్కడిదాకా రావడం.

"పెట్టెలో అయితే వేడి ఒకేలా ఉంటుందత్తా."

"దానికి తెల్దేటి ఎంత వేడుండాలో?"

ఆ రాత్రి ఫోన్‌లో మా ఆయనకు "ఏడు, ఏడు" అని పదిసార్లు చెప్పి ఉంటాను. నా చేతుల్లో మొదటిసారి గుడ్లు పెట్టిన పాము మరి.

నాలుగు రోజుల తర్వాత బడి నుంచి వచ్చేసరికి ఏడో గుడ్డు మీద చుక్క లేదు. వంగి చూస్తే కింది వైపుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అక్కణ్ణుంచి ఆ రోజు నోట్లోకి దిగింది. "తిప్పావా? ఇవి నీ కోడిగుడ్లు కావత్తా! కోళ్ళు పోయినా ఆ చేతుల దురద పోలేదా నీకు?" అని అరిచాను. వీధిలోకి వినబడే ఉంటుంది. అత్త నా ముఖంకేసి చూసింది. ఏదో అనబోయి, మానేసి, వెళ్ళి తన మంచం మీద కూర్చుంది. తర్వాత ఆ గది వైపు రాలేదు.

పది రోజులకు ఆ గుడ్డు సొట్టపడి బూజు పట్టింది. చూశావా అన్నట్టు అత్త ముందు నుంచే దాన్ని పట్టుకెళ్ళాను, సిగ్గులేకుండా. బడి ల్యాబులో ఫార్మలిన్ సీసాలో వేశాను. పిండం పెరిగి ఆగిపోతే ఎలా ఉంటుందో పిల్లలకు ఎప్పుడైనా కోసి చూపిద్దామని.

ఆ వెంటనే తుఫాను వచ్చింది. మా బడి పునరావాస కేంద్రం, టీచర్లందరికీ అక్కడే డ్యూటీ. మొదటి సాయంత్రమే కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. వచ్చినవాళ్ళకు అన్నం పొట్లాలు అందిస్తూ నేను లోపల ఆలోచిస్తున్నది ఆ ఆరు గుడ్ల గురించే. గాలి తడిసి చల్లబడిపోయింది. పెట్టె ఒక పూట ఆగుతుందేమో, రెండు రోజులు ఎక్కడ ఆగుతుంది? ఇంట్లో ఉన్నది అత్త ఒక్కతే. ఆమెను ఆ గదికి దూరం చేసింది నేనే.

మూడో రోజు పొద్దున్న విరిగిన కొమ్మలు దాటుకుంటూ ఇల్లు చేరాను. పెట్టె చుట్టూ మా ఇంట్లోని దుప్పట్లన్నీ చుట్టి ఉన్నాయి. మూత తీస్తే నాలుగు మూలలా కూల్‌డ్రింకు సీసాల్లో వేడినీళ్ళు, ఒక్కోదానికీ తువ్వాలు. గుడ్లు కదల్లేదు, నా చుక్కలు పైకే ఉన్నాయి. పక్కన ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప మేకు. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా కోళ్ళ బుట్టలో పెట్టే సరంజామా అది. బ్యాటరీతో నడిచే ఉష్ణమాపకం ముప్పై ఒక డిగ్రీలు చూపిస్తోంది, గుడ్లకు కావలసినంతే.

అత్త వంటింట్లో గిన్నె మీద గిన్నె నీళ్ళు కాస్తోంది. కాళ్ళు పొంగి ఉన్నాయి. దారి లేక ఆమె డయాలసిస్ కూడా ఒక రోజు తప్పింది.

"వేడి ఎలా సరిచూశావత్తా?"

"ఎలాగేటి? సెయ్యెట్టి సూసినాను" అని అరచేతి వెనకభాగం చూపించింది. "బేగి స్నానం సెయ్యి, పోదాం. ఊపిరాడ్డం లేదు నాకు."

మా వీధి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారంతా క్షమించమని అడగాలనుకున్నాను. అడగకుండానే ఆసుపత్రి వచ్చేసింది.

నాగులచవితి నాడు ఎదురింటావిడ పాలు, చలిమిడి పట్టుకుని మరో ఇద్దరితో వచ్చేసింది, పామును చూసి దండం పెట్టుకుంటానని. పాము పాలు తాగదని నేను పాఠం మొదలుపెట్టేలోపే అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. సాతాను అంటుందేమోనని హడలిపోయాను. "గుడ్లు పొదిగే కాడ గోల సెయ్యకండమ్మా, బయటినుంచే పెట్టుకోండి దండాలు" అంది. ఆ చలిమిడి మేమిద్దరం తిన్నాం.

నవంబరు చివర్లో ఒక ఉదయం గుడ్డు మీద సన్నటి చీలిక. అందులోంచి ముక్కు. అంతే, అక్కడే ఆగిపోయింది. లోపలి సొన పీల్చుకునేదాకా ఒక రోజు అలా తల బయటపెట్టి చూస్తూ ఉంటాయి. అత్త పెట్టె పక్కన పీట వేసుకు కూర్చుంది. "ఓలమ్మో, పుట్టాలో వద్దో ఆలోసిత్తన్నాదే!" అని పకపకా నవ్వింది. రెండు రోజుల్లో ఆరూ వచ్చేశాయి. చిటికెన వేలంత లావున, అంత బుజ్జివీ బుసకొడుతూ. అత్త ఆరూ లెక్కపెట్టి ప్రార్థన చేసింది.

ఆ వారమే ల్యాబులో ఏడో గుడ్డు బయటికి తీశాను. పిల్లలు చుట్టూ చేరారు. కత్తెరతో కోశాను. లోపల పసుపు ముద్ద, గట్టిపడ్డ కోవాలా. పిండం లేదు, దాని జాడ లేదు, ఒక్క రక్తనాళం లేదు. అది మొదటి రోజు నుంచే వట్టి గుడ్డు. చావడానికి అందులో ఎప్పుడూ ఏదీ లేదు. "ఏం పరిశీలించారో రాయండి" అన్నాను, పదిహేనేళ్ళ అలవాటు కొద్దీ. నా చెవులు మాత్రం మండిపోతున్నాయి.

ఇంటికి వెళ్ళి చెప్పులైనా విడవకుండా అన్నాను. "అత్తా, ఆ ఏడో గుడ్డులో ఏమీ లేదు."

"తెలుసు."

"తెలుసా?"

"కిటికీ కాడ ఎండకేసి పట్టి సూసినాను గదే. నరాల్లేవు, తేటగుంది. మిగతావి గుత్తి, ముట్టుకోలేదు. అదొక్కటే తీసినాను, తిరిగి పెట్టేటప్పుడు తల్లకిందులైపోనాదేమో."

"మరి నేను అన్ని మాటలంటుంటే చెప్పలేదేం?"

"ఏటని సెప్తాను? మా వోడికి ఫోన్లో ఏడు ఏడు అని గెంతులేత్తన్నావు. ఒకటి తగ్గిందని ఎలా సెప్పడం? తిట్లకేటి, నాను పడగలను."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె మంచం పక్కన నేలమీద కూర్చుండిపోయాను. "తప్పయిపోయిందత్తా. నిన్ను చాలా మాటలన్నాను" అన్నాను. అత్త నా తలమీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది.

"సాల్లే. ముందు లెగు. తల్లిపాము గిన్నెలో నీళ్ళైపోయినాయి, పొద్దున్నుంచి సూత్తన్నాను. నిండా పొయ్యి" అంది. "దాహమంటే ఏటో నాకు తెలుసు."