నలభై తొమ్మిది కిలోల ఏనుగు

పెళ్లిళ్లలో పరువు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊరికీ పదిమంది ఉంటారు. సొంత మొగుడి శవం పక్కన కూర్చుని, వచ్చిన జనమంతా కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వేలా చేసి పరువు పోగొట్టుకున్నదాన్ని మాత్రం, నాకు తెలిసి, పలాస నుంచి బారువ దాకా నేనొక్కదాన్నే. చదివి మీరూ నవ్వండి, నవ్వడానికే రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నవ్వు ఆగిపోతే నన్ను తిట్టకండి. ఆయన పోవడం మాత్రం నిజం.

నేను టెక్కలిలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. తొమ్మిదిని 'దాదాపు పది' అన్న పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించిన మనిషిని. మా ఆయన కామేశం పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ గుమస్తా. బక్కపలచటి మనిషి, భయస్తుడు. బల్లిని చూస్తే మంచం పైకి, రేడియోలో తుపాను మాట వింటే మంచం కిందికి. మాకు పిల్లల్లేరు. ఉన్నది ఆయనా, నేనూ, ఆ మంచమూ.

మా ఉద్దానంలో ఇంటింటికీ తెలిసిన కిడ్నీ జబ్బే ఆయన్నీ పట్టుకుంది. డయాలసిస్‌కు నేనే తీసుకెళ్లేదాన్ని. మొదలుపెట్టే ముందోసారి, అయ్యాక ఓసారి బరువు తూచేవారు. ఆ అంకెలన్నీ నాకు కంఠతా. భయం వేసినప్పుడల్లా, ఇంకొకరు దండకం చదువుకున్నట్టు, వాటిని పైకి చదువుకునేదాన్ని. ఆయన నవ్వి, "నన్ను సూత్తన్నావా, కాటా సూత్తన్నావా?" అనేవారు.

ఆయన పోయారు. సొంత ఊరు బారువ తీసుకెళ్లాం. ఆయన అక్క, మా వదిన వరాలమ్మ, అక్కడే ఉంటుంది. ఆవిడ శోకం పెట్టిందంటే, ముందురోజు దాకా పోయినవాడితో గట్టు తగాదా పడినవాళ్లు కూడా కళ్లు తుడుచుకోవాల్సిందే. మా వైపు ఆ శోకం వినకుండా శవం గుమ్మం దాటదు. దాటిందంటే దిక్కులేని శవం కిందే జమ. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, గొడవంతా ఇక్కడే.

ఇంకో సంగతి. అప్పట్లో నేను కథల మీదా, మనసు మీదా వ్యాసాలు చదివి చెడిపోయి ఉన్నాను. లోకంలోని కథలన్నిటిలో తిరిగేది ఆ కొద్దిమందేనట: వీరుడు, తల్లి, మాయలమారి, తోవ చూపే ముసలాయన. మన కలల్లోకి వచ్చేదీ వాళ్లేనట. మూలరూపాలని వాళ్లకు పేరు. నేను సొంత తెలివి ఉపయోగించి 'మూసలు' అని పేరు మార్చి, ఎక్కడ కనబడితే అక్కడ ఇంటూ కొట్టి సంతోషించేదాన్ని.

వదిన జుట్టు విప్పుకుని తమ్ముడి తల దగ్గర కూర్చుంది. గొంతెత్తింది.

"ఓ నా తమ్ముడో... తాటిసెట్టంత మడిసివి కూలిపోనావేటి నాయినా..."

"అయిదడుగుల రెండంగుళాలు, వదినా," అన్నాను.

మెల్లగానే అన్నాను. కానీ చివరి బెంచీకి వినబడేలా పాఠాలు చెప్పీ చెప్పీ తయారైన గొంతు. నాకు మెల్లగా అంటే ఊరికి మైకు.

వదిన ఒక కన్ను తెరిచి చూసింది. మళ్లీ మూసుకుంది.

"ఏనుగు లాటోడివి గదరా... నువ్వు నడిసొత్తంటే నేల అదిరీది గదరా..."

"నలభై తొమ్మిది కిలోలు. మొన్న మంగళవారమే తూచారు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"సంద్రానికి ఎదురెల్లినోడివి గదరా... పులి లాటోడివి గదరా..."

"పడవెక్కితే వాంతులు ఆయనకి. పులి సంగతి సరే, బల్లిని చూస్తేనే..."

పక్కింటి నూకమ్మ ఇక ఆగలేకపోయింది. "టీచరమ్మా! ఏడుపుకి మార్కులేత్తన్నావేటి? మా వరాలమ్మ పాసయినాదా, పోనాదా?"

అంతే. గోలీసోడా కొట్టినట్టు ఒకామె నవ్వు బయటికి తన్నుకొచ్చింది. ఆమెను చూసి ఇంకొకామె. వాకిట్లో మగవాళ్లు "ఏటయినాది, ఏటయినాది?" అంటూ లోపలికి తొంగిచూశారు. శవం దగ్గర నవ్వకూడదని తెలిసినకొద్దీ నవ్వు ఎంత బలంగా వస్తుందో మీకు చెప్పక్కర్లేదు.

వదిన నవ్వలేదు. "ఏటే మరదలా ఇది?" అంది.

బుద్ధున్నదైతే కాళ్ల మీద పడేది. నేను పాఠం మొదలుపెట్టాను. "ఇవన్నీ మూసలు వదినా. ఎవరు పోయినా ఇదే ఏనుగు, ఇదే పులి. మీ మామగారికీ ఇవే పెట్టావు. ఈయన ఈయనలా ఉండేవారు కదా!"

"మూతేటి?"

"మూత కాదు, మూస."

"నీ మూత నీ కాడే ఉంచుకో. నీ మొగుడెలాటోడో నువ్వే ఏడు, ఇంటాం."

నాలాంటిదానికి ఆ 'ఏడు' కూడా అంకెలాగే వినబడింది. అందరూ నా వైపు తిరిగారు. నోరు తెరిచాను. ఆయన గురించి నాకు తెలియనిదేముంది?

"ఆయన... ఆరో నంబరు చెప్పులు వేసుకునేవారు," అన్నాను.

ఆ తర్వాత మాట రాలేదు. కన్నీరూ రాలేదు. ఈసారి నూకమ్మ నవ్వలేదు.

పొద్దు వాలుతోందని మగవాళ్లు తొందరపెట్టారు. పాడె లేచింది. అక్క ఉండీ, భార్య ఉండీ, ఎవరూ లేనివాడిలా, ఒక్క శోకం లేకుండా ఆయన గుమ్మం దాటారు. నిజాన్ని కాపాడాను కదా అని గర్వపడబోయాను. అదీ రాలేదు.

వదిన నాతో మాట మానేసింది. కర్మకు వచ్చింది, వడ్డించింది, విస్తళ్లు ఎత్తింది, వెళ్లిపోయింది. ఏడుపు తర్వాత వస్తుందిలే అనుకున్నాను. సంవత్సరీకం అయినా రాలేదు. టీవీలో ఎవరి కుక్క పోయినా ఏడ్చేదాన్ని, మొగుడికి మాత్రం బాకీ పడ్డాను. ఆయన ఫోటో ముందు కూర్చుంటే అంకెలే వచ్చేవి.

చివరికి ఒక పొద్దున్న బారువ బస్సెక్కాను. వదిన పెరట్లో చేతులకు నూనె రాసుకుని పనసకాయ వలుస్తోంది.

"ఎందుకొచ్చినావు? దిద్దడానికి తప్పులేటైనా మిగిలిపోనాయా?"

"వదినా, ఆయన్ని ఏడవకుండా పంపేశాను. నువ్వు ఏడు. ఏమైనా అను, నేను నోరు విప్పను."

"ఇప్పుడేటి ఏడిసీది? ఏడుపు సద్దన్నమేటి, దాసుకుని తినడానికి?"

చాలాసేపు తొనలు వలిచింది. వలిచి, చేతులు తుడుచుకుని, "ఉండు. నువ్వు సెప్పినట్టే ఏడుత్తాను. మల్లీ తప్పంటావు," అని గొంతెత్తింది.

"ఓ నా తమ్ముడో... అయిదడుగుల రెండంగులాలోడా... నలబై తొమ్మిది కిలోలోడా... ఆరో నంబరు సెప్పులోడా నాయినా..."

రాగం ఎక్కడా తప్పలేదు. మొదట వదినే ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరం పనసతొనల మధ్య కూలబడి పొట్టలు పట్టుకున్నాం. అలా నవ్వుతూ నవ్వుతూ ఉండగా, అంత చిన్న మనిషి పోతే నా ఇల్లు ఎంత ఖాళీ అయిందో ఒక్కసారిగా మీద పడింది. ఆ కొలతకు నా దగ్గర అంకె లేదు.

"నా ఏనుగో... నా దొరో..."

ఆ అరుపు నాదేనని కాసేపటి దాకా తెలియలేదు.

వదిన నన్ను దగ్గరికి లాక్కుని అందుకుంది. "పులి లాటోడివి గదరా తమ్ముడో..."

"అవును వదినా, పులే. పులే వదినా."

ఎన్ని తరాల ఆడవాళ్లు తమవాళ్లను ఆ ఏనుగు మీద ఎక్కించి పంపారో. దాని మీద మా ఆయనకూ చోటుంది. ఎక్కనివ్వంది నేనే.

మా కేకలకు నూకమ్మ పొయ్యి మీది గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. "ఎవులే? ఎవులు పోనారే?"

"మా తమ్ముడు," అంది వదిన.

"ఆడు పోయి రెండేల్లయినాది గదేటి!"

"మనకి రెండేల్లు. టీచరమ్మకి ఇయ్యాలే తెలిసినాది."

నూకమ్మ గరిటె కింద పెట్టి, మా పక్కనే కూలబడి ఏడుపు అందుకుంది.

కాబట్టి ఇందుమూలంగా సమస్త జనులకూ ప్రమాణపూర్వకంగా తెలియజేసేదేమంటే: ఇకమీదట ఏ చావింట్లోనూ ఎవరి ఏడుపూ దిద్దను. రేపు నేను పోయాక నన్నెవరైనా మహాలక్ష్మీ అన్నా, కామధేనువా అన్నా, ఆఖరికి 'ముత్యాల్లాంటి మాటలదానా' అన్నా సరే, పాడె మీంచి లేచి కాదనను.