పడవ పొట్టలో గంటన్నర

ఆ రోజుల్లో భయపడటానికి ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. తార్నాకలో కాపురం ఉండి, నాలుక చివర ఒక 'అండీ' వేలాడుతుంటే సరిపోయేది. తెలంగాణ ఉద్యమం మాంచి వేడి మీదున్న కాలం. పొద్దున లేస్తే బంద్, కాకపోతే రాస్తారోకో, రెండూ లేనిరోజు ఇంట్లో ఏదో వస్తువు పోయినట్టుండేది. నేను తెనాలిలో అమ్మమ్మ దగ్గర డిప్లొమా ముగించి (నేను దాన్ని ముగించానో, అది నన్ను ముగించిందో ఇప్పటికీ తేలలేదు) నాన్న దగ్గరికి వచ్చి మూడు నెలలు. నాన్న విశ్వవిద్యాలయం ఆఫీసులో గుమాస్తా. ఆయన ధైర్యం ఎంతటిదంటే, కూరగాయల బండి దగ్గర కూడా నోరు విప్పేవాడు కాదు. వంకాయలు చూపించి, రెండు వేళ్లెత్తి, తల అడ్డంగా ఊపి, బేరమంతా సైగలతోనే నడిపేవాడు. బండావిడ ఆయన పుట్టుమూగ అనుకుని జాలిపడి నాలుగు పచ్చిమిరపకాయలు ఎక్కువేసేది. (మా సందులో మమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదన్నది నిజం. కానీ భయం సాక్ష్యాలడుగుతుందా?) "ఒరేయ్, బయట నోరు తెరిచావంటే మనది ఏ జిల్లాయో, ఏ తాలూకాయో తెలిసిపోతుంది. నవ్వు, తల ఊపు, వచ్చెయ్" అని నాకు రోజూ ఉపదేశం.

అలా నవ్వుతూ తల ఊపుతూ వెళ్లి నేను చేరిన ఉద్యోగం, వెనక సందులోని ఫైబర్ షెడ్డులో. నీళ్ల ట్యాంకులు, బాత్రూం తలుపులు, పిల్లల పార్కులకు జారుడుబల్లలు చేసేవాళ్లం. యజమాని అడిక్‌మెట్ మనిషి, లోకానికంతా ఉస్తాద్. గాజునార పరిచి, దానిమీద రెజిన్ పూసి, అది రాయిలా గట్టిపడేదాకా ఒళ్లు గోక్కుంటూ కూర్చోవడం మా వృత్తి. అలాంటి మా షెడ్డుకు ఒకరోజు ఒక మోటారు పడవ వచ్చింది. ఊరి బయట చెరువు పక్కన రిసార్టు తెరుస్తున్న పెద్దమనిషి పంపించాడు. పాత స్టీరియో పీకేసి కొత్తది పెట్టాలి, స్పీకర్లకూ ఆంప్లిఫయర్‌కూ బ్యాటరీకీ పడవ ఒంపుల్లో ఒదిగేలా ఫైబర్‌తో అరలు కట్టాలి. ఉస్తాద్‌కు జిందగీలో అంత పెద్ద పని రావడం అదే మొదలు. నావైపు తిరిగి, "నీకు ఎలక్ట్రికల్ గుడ వస్తదంటివి గదరా?" అన్నాడు. నేను నవ్వి తల ఊపాను. (నాన్న చెప్పిన విద్య అలా ప్రాణం మీదికి తెచ్చింది.)

పన్నెండు రోజులు చేశాం. పక్కలకు నాలుగు స్పీకర్లు, ముక్కు దగ్గర గుమ్మడికాయంత వూఫర్. వెనక సీటు కింద నా కళాఖండం: ఆంప్లిఫయర్, బ్యాటరీ పెట్టినా ఇంకా ఒక దూడ పడుకునేంత పొడవాటి అర. నీళ్లు చిందకుండా దానికి చిన్న నోరు పెట్టి, చుట్టూ లోపలికి వంగిన అంచు తీశాను. ఉస్తాద్ వంగి చూసి, "గిదేంది బై, పడవల ఎలుకల బోను కట్టినవ్?" అన్నాడు. మొదటిసారి పాట పెట్టినప్పుడు సీతాఫల్‌మండి స్టేషన్లో రైలు ఆగిపోయిందని అందరూ చెప్పుకున్నారు. (మొదట చెప్పింది నేనే.) పదమూడో రోజు సాయంత్రానికల్లా పడవ రిసార్టు చేరాలి. "గీత వడ్డదనుకో, నాకు ఇంకోడు పనియ్యడు. షెడ్డుకు తాళమే" అని ఉస్తాద్ నా కళ్లలోకి చూసి చెప్పాడు.

ఆ రోజు బంద్ లేదు. ఆ ధైర్యంతో పడవను ట్రాక్టరు ట్రాలీకెక్కించి బయల్దేరాం. డ్రైవరు పక్కన ఉస్తాద్, పడవలో స్పీకర్లు కదలకుండా పట్టుకుని నేను. తార్నాక చౌరస్తాలో రాస్తారోకో. "క్యాంపస్‌ల కెల్లి కొడ్తా" అని డ్రైవరు విశ్వవిద్యాలయం వైపు హ్యాండిల్ తిప్పేశాడు. తారురోడ్డు మీద, చుక్క నీళ్లు లేని చోట, పడవలో కూర్చుని మునిగిపోయిన మొదటి మనిషిని బహుశా నేనే. రెండు మలుపులు తిరిగేసరికి ఎదురుగా రెండు లక్షల మంది విద్యార్థులు. (ఉస్తాద్ లెక్కలో రెండు వందలు. భయం లేనివాడి లెక్కలు నేను నమ్మను.)

"అరె, పడవొచ్చిందిరో!"

"ఏందే ఉస్తాద్, కృష్ణల మన వాటా తెచ్చేతందుకు పోతున్నరా?"

"నీళ్లొచ్చినంక ఇంటింటికి ఒకటిస్తరంట, గిది శాంపిల్" అన్నాడు ఉస్తాద్ దిగుతూనే. నవ్వులు. నేను కూడా నవ్వి తల ఊపాను.

వాళ్లలో పొడుగాటి గడ్డం ఉన్నతను పడవ చుట్టూ తిరిగి స్పీకర్ల దగ్గర ఆగాడు. అందరూ అతన్ని గడ్డమన్న అంటున్నారు. మీటింగుకు రావాల్సిన మైకుసెట్టు ఆయన రాలేదట. చేతిలో మైకుంది, దానికి గొంతు లేదు. "ఉస్తాద్, జర గంట సేపియ్యి. పడవకు గీత వడకుండ చూసే జిమ్మేదారి నాది" అన్నాడు. "తీస్కోరి, మనదే గద" అని మా ఉస్తాద్, పొద్దున్నుంచి నన్ను బెదిరించిన ఆ మహానుభావుడు, వెళ్లి ముందువరసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

మైకు తీగ తగిలించి మీట నొక్కాను. కీచుమంది. గడ్డమన్న మురిసిపోయి పడవ ముక్కు మీదికెక్కి, "మస్తున్నది! ఇగ చాలు చెయ్ అన్నా" అన్నాడు. చాలన్నాడు కదా, ఆపేశాను. అతను గొంతు సవరించుకుని "సోదరులారా" అన్నాడు. పక్కనున్న కాకికి కూడా వినపడలేదు.

"అన్నా, చాలు చెయ్యమంటి గద!"

నేను నవ్వి, మీట చూపించి, తల ఊపాను. ఆపే ఉంది కదా!

"అరె, చాలు చెయ్యే!" అని కింది నుంచి ఇంకొకడు. క్షణంలో అదొక నినాదమైపోయింది. "చాలు చెయ్! చాలు చెయ్!" చప్పట్లతో, తాళంతో. నేను బ్యాటరీ తీగ కూడా పీకేసి పైకెత్తి చూపించి, మూడు నెలల మౌనవ్రతం మరిచి అరిచాను: "ఇంకేం చాలు చెయ్యనండీ బాబూ, మొత్తం ఆపేశాను కదండీ!"

చప్పట్లు ఆగి, రెండు లక్షల తలలు నావైపు తిరిగాయి. తెనాలిలో చాలంటే ఇక ఆపమని. ఇక్కడ చాలు చెయ్ అంటే మొదలుపెట్టమని. ఉస్తాద్ మిషన్ల దగ్గర ఎప్పుడూ 'స్టార్ట్ చెయ్' అనే అనేవాడు కాబట్టి మూడు నెలల్లో ఈ ముక్క నా చెవిన పడనేలేదు. ఒక్క వాక్యంలో రెండు 'అండీ'లు, ఒక 'బాబూ'. ఇక జిల్లా, తాలూకా, ఇంటి నంబరు చెప్పాల్సిన పనేముంది?

గడ్డమన్న నావైపు వంగాడు. "ఏ ఊరన్నా నీది?"

"తార్నాక."

"తార్నాక కంటె ముంగట?"

"తార్నాకే. వెనక సందు."

"గా సందు కంటె ముంగట?"

"వైరు లూజుగా ఉంది" అని గొణిగి, ముందు కాళ్లు పెట్టి, చివరికి తల కూడా లోపలికి లాక్కుని నా కళాఖండంలోకి దూరిపోయాను.

లోపల తీగ కలిపాను. పైన గడ్డమన్న గొంతు ఉరిమింది, జనం హోరెత్తారు. నా మోకాళ్ల దగ్గర ఆంప్లిఫయర్ ఇస్త్రీపెట్టెలా కాగుతోంది. ముక్కులో రెజిన్ వాసన, వీపంతా గాజునార దురద, గోక్కోవడానికి చెయ్యి మడవను కూడా రాదు. ఆంధ్రా నాయకుల్ని తిట్టిన ప్రతి తిట్టూ నాలుగు స్పీకర్లలోంచి నాలుగు పక్కలా వచ్చి నా ఒక్కడి కడుపులోనే పడేది. ఎవరో పైన ఒక దెబ్బ కొడితే సౌండు పెంచాలని, రెండు కొడితే తగ్గించాలని దానంతటదే ఒక ఒప్పందం కుదిరింది. మూడు దెబ్బలు పడినప్పుడు నా పని అయిపోయిందనుకుని అమ్మమ్మను తలుచుకున్నాను. (ఎవరో పడవలోంచి దూకిన చప్పుడట.)

గంటన్నర తర్వాత మీటింగు ముగిసింది. బయటికొద్దామంటే భుజాలు అంచుకు తట్టుకున్నాయి. లోపలికి వెళ్లేటప్పుడు భయంతో కుంచించుకుపోయి వెళ్లాను కదా, ఆ కొలత మళ్లీ దొరకలేదు. తల, రెండు చేతులు మాత్రం బయట. చుట్టూ రెండు లక్షల కళ్లజతలు.

"కోసుడే" అన్నాడు ట్రాక్టరు డ్రైవరు, రంపం కోసం లేస్తూ.

ఉస్తాద్ మొహం సున్నం కొట్టినట్టయింది. నన్ను చూశాడు, అరను చూశాడు. నేనే ఏడుపు గొంతుతో అన్నాను: "కొయ్యకండి, షెడ్డు పోతుందండీ. నేనిలాగే ఉంటాలెండి."

"గీత వడద్దని మాటిచ్చిన. కోసేది లేదు" అన్నాడు గడ్డమన్న. "అరేయ్, మెస్సుకు ఉరికి నూనె తెండిరా!" పల్లీ నూనె వచ్చింది, గరిటెతో సహా వంటాయన కూడా వచ్చాడు. పూరీకి కూడా అంత నూనె ఖర్చు చెయ్యడని పిల్లలు ఆయన్ని ఎగతాళి చేస్తుంటే, ఆయన నా మెడ మీద, భుజాల మీద నిదానంగా పోశాడు. ఇద్దరు చేతులు, ఒకరు జుట్టు పట్టి లాగారు. పుడుతున్నంత కష్టపడి బయటపడ్డాను. పడవకు గీత లేదు. ఉస్తాద్ అర అంచును తడిమి చూసి, ఆ తర్వాతే నన్ను తడిమి చూశాడు.

గడ్డమన్న నాకు టీ గ్లాసు అందిస్తూ మెల్లగా అడిగాడు. "ఇప్పుడన్న చెప్పు. ఏ ఊరు?"

"తెనాలండీ."

"మరి గంతసేపు లోపటెందుకున్నవ్?"

"భయమేసిందండీ."

అతను గేటు వైపు చూశాడు. అవతల లాఠీలు పట్టుకుని వరసగా నిలబడ్డ మనుషులు. "నాకు లేదనుకున్నవా? పొద్దుగాల నుంచి బువ్వ పోతలేదు" అన్నాడు. అప్పుడు గమనించాను, గ్లాసు నా చేతికి రాకముందే అందులో టీ తొణుకుతోంది.

సాయంత్రం లోపు పడవ రిసార్టు చేరింది. ఉస్తాద్ ఒక్కడే వెళ్లాడు, నూనె కారుతున్న మనిషిని రిసార్టుకు తీసుకెళ్లడం బాగుండదని. అందుకే నేను అరలు కట్టిన ఆ ఒక్క పడవను నీళ్ల మీద నేనెన్నడూ చూడలేదు. ఇప్పుడు ఈ పొట్టతో ఆ అరలో నా ఒక్క కాలు కూడా పట్టదు. అయినా అప్పుడప్పుడు వెళ్లి ఆ సీటు మీద తట్టి, ఒరేయ్ అబ్బాయ్, ఎవరూ ఏమీ అనరు, బయటికి రారా అని పిలవాలనిపిస్తుంది. మాటలకు వాడు రాడు, నాకు తెలుసు. గరిటెడు నూనె పట్టుకెళ్లాల్సిందే.